ఉబుంటులో పైథాన్ 3.13ని సోర్స్ నుంచి బిల్డ్ చేసుకోవడం ఎలా?

"పైథాన్‌ని సోర్స్ నుంచి బిల్డ్ చేశాను. ఒక్క ఎర్రర్ కూడా రాలేదు. కానీ పిప్ ఏ ప్యాకేజీనీ దించుకోవట్లేదు, ఏం చేయాలి?" ఇదే ప్రశ్న రకరకాల వేషాల్లో వస్తూనే ఉంటుంది. ఒకరికి పిప్ (ప్యాకేజీలు దించి పెట్టే టూల్) మొరాయిస్తుంది, ఒకరికి ఎస్‌క్యూలైట్ దొరకదు, ఇంకొకరికి పైకి బాణం మీట నొక్కితే పాత కమాండ్ బదులు పిచ్చి అక్షరాలు వస్తాయి. అన్నిటికీ మూలం దాదాపు ఒకటే.

సీపైథాన్ అంటే సీ భాషలో రాసిన అసలు పైథాన్. సోర్స్ నుంచి బిల్డ్ అంటే ఆ కోడ్‌ని మన మెషీన్‌లోనే నడిచే ప్రోగ్రామ్‌గా మార్చుకోవడం. దానితో వచ్చే మాడ్యూళ్లలో చాలావాటికి బయటి లైబ్రరీలు కావాలి. ఎస్‌ఎస్‌ఎల్‌కి ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్, సీటైప్స్‌కి లిబ్‌ఎఫ్‌ఎఫ్‌ఐ, జిప్ ఫైళ్లకి జెడ్‌లిబ్. మీ మెషీన్‌లో అవి లేకపోతే బిల్డ్ ఆగదు. ఆ మాడ్యూల్‌ని పక్కన పడేసి ముందుకెళ్లిపోతుంది, చివర్లో మామూలుగానే ముగుస్తుంది. అందుకే ఎర్రర్ రాలేదన్న మాటని లెక్కలోకి తీసుకోకండి. ఏమేం తయారయ్యాయో మీరే చూసుకోవాలి. తెలుసుకోవాల్సిన థియరీ ఇంతే.

ఇంకో మాట. మీకు కావాల్సింది కేవలం కొత్త వెర్షన్ అయితే ఈ తంటా అవసరం లేదు. యూవీ అనే టూల్‌తో ‘యూవీ పైథాన్ ఇన్‌స్టాల్ 3.13’ అంటే ముందే బిల్డ్ చేసి పెట్టిన పైథాన్ దిగుతుంది. ఉబుంటువాళ్లకి డెడ్‌స్నేక్స్ పీపీఏ (ఉబుంటు బయట విడిగా నడిచే ప్యాకేజీల నిల్వ) కూడా ఉంది. పైఎన్వ్ మాత్రం లోపల సోర్స్ నుంచే బిల్డ్ చేస్తుంది కాబట్టి కింద చెప్పే లైబ్రరీల గొడవ దానికీ ఉంటుంది. పైథాన్ లోపలి కోడ్ చదవాలి, డీబగ్ బిల్డ్ కావాలి, ఏదైనా ప్యాచ్ పెట్టి చూడాలి, మీకు నచ్చిన ఆప్షన్లతో కావాలి అనుకునేవాళ్లు ముందుకి రండి.

ముందు ఏమేం ఉండాలి

ఉబుంటు 24.04 గానీ 22.04 గానీ. డెబియన్ అయినా ఇదే దారి. విండోస్‌లో డబ్ల్యూఎస్‌ఎల్ (విండోస్ లోపలే లినక్స్ నడిపే ఏర్పాటు) వాడినా నడుస్తుంది, కాకపోతే ‘/ఎంఎన్‌టీ/సీ’ కింద, అంటే విండోస్ డ్రైవ్‌లో బిల్డ్ చేయకండి, నత్తనడక నడుస్తుంది. లినక్స్ హోమ్ ఫోల్డర్‌లోనే చేయండి. సుడో హక్కు (అడ్మిన్‌గా కమాండ్లు నడిపే అనుమతి) ఉండాలి, అది కూడా మొదటి అడుగుకి మాత్రమే. డిస్క్‌లో రెండు మూడు జీబీ ఖాళీ, ఒక మాదిరి ఇంటర్నెట్ చాలు. కండా (పైథాన్‌నీ లైబ్రరీలనీ విడిగా పెట్టే టూల్) వాడేవాళ్లు ముందు ‘కండా డీయాక్టివేట్’ చేసేయండి. లేకపోతే సిస్టమ్ లైబ్రరీలు, కండా లైబ్రరీలు కలగాపులగం అవుతాయి.

కమాండ్లని ఇక్కడ చదివే తీరులో తెలుగులోనే రాశాను. టెర్మినల్‌లో ఇంగ్లిష్ చిన్నక్షరాల్లో కొట్టండి. గీతలు, చుక్కలు, అంకెలు ఉన్నవి ఉన్నట్టే.

1. లైబ్రరీలు తెచ్చుకోండి

సగం సమస్యలు ఇక్కడే పుడతాయి, ఇక్కడే తీరతాయి. ఇరవై ప్యాకేజీల పేర్లు ఎక్కడినుంచో కాపీ చేసే బదులు తేలికైన దారి ఉంది. ఉబుంటువాళ్లు తమ పైథాన్‌ని బిల్డ్ చేసుకోవడానికి వాడే లైబ్రరీలన్నిటినీ మనకీ పెట్టమని ఉబుంటు ప్యాకేజీ టూల్ ఆప్ట్‌కి చెప్పొచ్చు:

సుడో ఆప్ట్ అప్‌డేట్
సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ గిట్ బిల్డ్-ఎసెన్షియల్ పీకేజీ-కాన్ఫిగ్
సుడో ఆప్ట్ బిల్డ్-డెప్ పైథాన్3.12

చివరి లైన్‌లో 3.12 ఎందుకంటే 24.04తో వచ్చే పైథాన్ అదే. 22.04 అయితే 3.10, డెబియన్ 12 అయితే 3.11 అని మార్చండి. మనం బిల్డ్ చేసేది 3.13 అయినా లైబ్రరీలు అవే. వెర్షన్ అంకె లేకుండా ఉత్త ‘పైథాన్3’ అని కొట్టకండి. ఆ పేరు వేరే చిన్న సోర్స్ ప్యాకేజీకి వెళ్తుంది, లైబ్రరీలన్నీ రాకపోవచ్చు.

ఇక్కడ చాలామందికి ‘డెబ్-ఎస్‌ఆర్‌సీ’ లైన్లు సోర్సెస్ లిస్ట్‌లో పెట్టాలి అనే ఎర్రర్ వస్తుంది. 24.04లో ‘/ఈటీసీ/ఆప్ట్/సోర్సెస్.లిస్ట్.డీ/ఉబుంటు.సోర్సెస్’ ఫైల్ తెరిచి ‘టైప్స్: డెబ్’ అని ఉన్న చోటల్లా ‘టైప్స్: డెబ్ డెబ్-ఎస్‌ఆర్‌సీ’ అని మార్చండి. 22.04లో ‘/ఈటీసీ/ఆప్ట్/సోర్సెస్.లిస్ట్’లో ‘డెబ్-ఎస్‌ఆర్‌సీ’తో మొదలయ్యే లైన్ల ముందున్న హ్యాష్ గుర్తు తీసేయండి. మళ్లీ ఆప్ట్ అప్‌డేట్ కొట్టి, బిల్డ్-డెప్ నడపండి.

సుడో లేని కాలేజీ సర్వరో ఆఫీసు సర్వరో అయితే ఈ అడుగు మీ చేతిలో లేదు. ఆ మూడు లైన్లూ అడ్మిన్‌కి పంపండి. మిగతా పనంతా సుడో లేకుండానే అవుతుంది.

2. సోర్స్ దించుకోండి

గిట్ క్లోన్ --డెప్త్ 1 --బ్రాంచ్ వీ3.13.5 హెచ్‌టీటీపీఎస్://గిట్‌హబ్.కామ్/పైథాన్/సీపైథాన్
సీడీ సీపైథాన్

వీ3.13.5 అన్న ట్యాగ్ (ఒక విడుదలకి పెట్టిన గుర్తు) ఉదాహరణ మాత్రమే. 3.13లో చివరిగా విడుదలైన ట్యాగ్ చూసుకుని అది పెట్టండి. ట్యాగ్ చివర ఏ, బీ, ఆర్‌సీ అన్న అక్షరాలుంటే అవి పరీక్ష కోసం వదిలినవి, రోజువారీ పనికి వద్దు. ‘--డెప్త్ 1’ పెట్టకపోతే 1990ల నుంచి ఉన్న చరిత్ర మొత్తం దిగుతుంది. మొబైల్ డేటా మీద ఉన్నవాళ్లు ముఖ్యంగా గుర్తుపెట్టుకోండి.

ట్యాగ్ బదులు ఉత్త ‘3.13’ బ్రాంచ్ తీసుకుంటే తర్వాత వెర్షన్ అడిగినప్పుడు అంకె పక్కన ప్లస్ గుర్తు కనిపిస్తుంది. విడుదల తర్వాత చేరిన మార్పులు కూడా అందులో ఉన్నాయని అర్థం. తప్పేం లేదు.

ఫోల్డర్ దారిలో ఎక్కడా ఖాళీలు ఉండకూడదు. ‘నా ప్రాజెక్ట్స్’ లాంటి పేరున్న ఫోల్డర్ లోపల పెట్టకండి.

3. కాన్ఫిగర్

./కాన్ఫిగర్ --ప్రిఫిక్స్=/హోమ్/మీపేరు/పై313 | టీ కాన్ఫ్.టీఎక్స్‌టీ

ప్రిఫిక్స్ అంటే పైథాన్ చివరికి ఎక్కడ కూర్చోవాలో ఆ చోటు. ‘మీపేరు’ దగ్గర మీ యూజర్ పేరు. టిల్డా గుర్తుతో పొట్టిగా రాస్తే ‘పూర్తి దారి ఇవ్వండి’ అని కాన్ఫిగర్ తిప్పికొడుతుంది, అందుకే మొదటి స్లాష్ నుంచి మొత్తం రాయండి. ప్రిఫిక్స్ మర్చిపోతే అది ‘/యూఎస్‌ఆర్/లోకల్’ అనుకుంటుంది. దాని కథ 7వ అడుగులో.

లైన్ చివరి ‘టీ’ మనం తాగేది కాదు, తెర మీద వచ్చేదంతా ఫైల్‌లోకి కూడా రాసే కమాండ్. ఇప్పుడు అసలు పని:

గ్రెప్ మిస్సింగ్ కాన్ఫ్.టీఎక్స్‌టీ

కాన్ఫిగర్ చివర్లో ఒక్కో మాడ్యూల్ పేరు చెప్పి, పక్కన యెస్, మిస్సింగ్, డిసేబుల్డ్, ఎన్/ఏ అన్న నాలుగింటిలో ఒకటి రాస్తుంది. మనకి కావాల్సింది మిస్సింగ్. ‘చెకింగ్ ఫర్ ఎస్‌టీడీలిబ్ ఎక్స్‌టెన్షన్ మాడ్యూల్ _ఎస్‌ఎస్‌ఎల్... మిస్సింగ్’ అని కనిపించిందంటే మీ పిప్ పని చేయదని బిల్డ్ మొదలవకముందే తెలిసిపోయినట్టు. అరగంట ఆగి తెలుసుకోవడం కంటే ఇది నయం కదా.

ఏది లేకపోతే ఏది తెచ్చుకోవాలి:

- _ఎస్‌ఎస్‌ఎల్, _హ్యాష్‌లిబ్: లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్-డెవ్. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 1.1.1 కంటే పాతదైతే పైథాన్ 3.10 నుంచి ఒప్పుకోదు. పాత సెంట్‌ఓఎస్ 7 సర్వర్ల మీద తగిలే గోడ ఇదే.
- జెడ్‌లిబ్: జెడ్‌లిబ్1జీ-డెవ్. మధ్యలో ఉన్నది ఒకటి అంకె, ఎల్ అక్షరం కాదు.
- _సీటైప్స్: లిబ్‌ఎఫ్‌ఎఫ్‌ఐ-డెవ్.
- _ఎస్‌క్యూలైట్3: లిబ్‌ఎస్‌క్యూలైట్3-డెవ్. జాంగో వాడేవాళ్లకి తప్పనిసరి.
- _బీజెడ్2, _ఎల్‌జెడ్‌ఎంఏ: లిబ్‌బీజెడ్2-డెవ్, లిబ్‌ఎల్‌జెడ్‌ఎంఏ-డెవ్. పాండాస్ వాడితే ఇవి లేని లోటు త్వరలోనే తెలుస్తుంది.
- రీడ్‌లైన్, _కర్సెస్: లిబ్‌రీడ్‌లైన్-డెవ్, లిబ్‌ఎన్‌కర్సెస్-డెవ్. బాణం మీటల గొడవ వీటిదే.
- _టికింటర్: టీకే-డెవ్. సర్వర్ మీదైతే వదిలేయొచ్చు.

_డీబీఎం ఒక్కటే మిస్సింగ్ అని వస్తే టెన్షన్ పడక్కర్లేదు, వాడేవాళ్లు అరుదు.

ఏదైనా కొత్తగా ఇన్‌స్టాల్ చేశాక కాన్ఫిగర్ మళ్లీ నడపాలి. ఉత్త మేక్ కొడితే పాత లెక్కతోనే పోతుంది. అనుమానంగా ఉంటే ‘మేక్ డిస్ట్‌క్లీన్’ చేసి మొదటి నుంచి కాన్ఫిగర్ చేయండి.

చివర్లో ‘--ఎనేబుల్-ఆప్టిమైజేషన్స్ వాడండి’ అని ఓ సలహా వస్తుంది. చూసి కంగారు పడి కాన్ఫిగర్ ఫెయిల్ అయిందనుకుంటారు చాలామంది. అది సలహాయే, ఎర్రర్ కాదు. ఆ ఆప్షన్ పెడితే పైథాన్ ఒకసారి తయారై, కొన్ని టెస్టులు నడుపుకుని, ఏ కోడ్ ఎక్కువ వాడకంలో ఉందో లెక్క రాసుకుని, ఆ లెక్కతో మళ్లీ తయారవుతుంది. నా మాట అడిగితే మొదటిసారి ఆ ఆప్షన్ వద్దు. మాడ్యూళ్లన్నీ వచ్చాయని తేలాక, రోజూ వాడే పైథాన్ కోసం రెండోసారి పెట్టుకోండి. పైథాన్ లోపలి కోడ్ నేర్చుకునేవాళ్లు దాని బదులు ‘--విత్-పైడీబగ్’ పెట్టండి. నెమ్మదిగా నడుస్తుంది కానీ లోపలి తప్పుల్ని పట్టిస్తుంది.

4. మేక్

ముందు ‘ఎన్‌ప్రాక్’ కొట్టి మీ మెషీన్‌లో ఎన్ని కోర్లున్నాయో చూడండి. నాలుగైతే:

మేక్ -జే4

జే పక్కన అంకె మర్చిపోవద్దు. ఉత్త ‘-జే’ అంటే ఎన్ని పనులైనా ఒకేసారి మొదలుపెట్టమని అర్థం, తక్కువ ర్యామ్ ఉన్న లాప్‌టాప్ బిగుసుకుపోతుంది. మధ్యలో ‘కిల్డ్’ అన్న మాటతో కంపైలర్ చచ్చిపోతే అది కోడ్ తప్పు కాదు, ర్యామ్ చాలలేదు. అంకె తగ్గించి మళ్లీ మేక్ కొట్టండి, ఆగిన చోటు నుంచే సాగుతుంది. చిన్న క్లౌడ్ మెషీన్ల మీద ఇది మామూలే. ‘--విత్-ఎల్‌టీఓ’ పెట్టినవాళ్లకి ఇంకా ఎక్కువ ర్యామ్ కావాలి.

సుడోతో మేక్ కొట్టకండి. ఫైళ్లన్నీ రూట్ పేరు మీదకి వెళ్లి తర్వాత ప్రతి అడుగులో పర్మిషన్ డినైడ్ అంటుంది.

ఆప్టిమైజేషన్స్ లేకుండా అయితే టీ తాగొచ్చేసరికి అయిపోతుంది. అవి పెడితే మెషీన్‌ని బట్టి అరగంట పైన కూడా పట్టొచ్చు. మధ్యలో టెస్ట్ పేర్లు వరసగా కనిపిస్తాయి, ఇందాక చెప్పిన లెక్క అదే. ఆపేయకండి.

అయిపోయాక చివరి లైన్ చదవండి. ‘చెక్డ్ ఇన్ని మాడ్యూల్స్’ అని మొదలై, బ్రాకెట్లలో ఇన్ని బిల్ట్-ఇన్, ఇన్ని షేర్డ్, ఇన్ని ఎన్/ఏ, ఇన్ని డిసేబుల్డ్, ఇన్ని మిస్సింగ్, ఇన్ని ఫెయిల్డ్ ఆన్ ఇంపోర్ట్ అని చెప్తుంది. చివరి రెండూ సున్నా ఉండాలి. మిస్సింగ్ ఉంటే దాని పైన ఏవి దొరకలేదో పేర్లతో సహా ఉంటుంది, 3వ అడుగుకి వెళ్లండి. ఫెయిల్డ్ ఆన్ ఇంపోర్ట్ అంటే మాడ్యూల్ తయారైంది కానీ లోడ్ అవట్లేదు. లైబ్రరీ రెండు వెర్షన్లలో ఉండి, బిల్డ్‌కి ఒకటి, నడిపేటప్పుడు ఇంకొకటి తగిలినప్పుడు ఇలా అవుతుంది. కండా తీసేయమన్నది అందుకే.

5. ఇన్‌స్టాల్ కంటే ముందు చూడండి

తయారైన పైథాన్ ఇప్పుడు ఈ ఫోల్డర్‌లోనే ఉంది:

./పైథాన్ -సీ "ఇంపోర్ట్ ఎస్‌ఎస్‌ఎల్, జెడ్‌లిబ్, సీటైప్స్, ఎస్‌క్యూలైట్3, బీజెడ్2, ఎల్‌జెడ్‌ఎంఏ, రీడ్‌లైన్"

ఏమీ రాకుండా ప్రాంప్ట్ తిరిగొస్తే అన్నీ ఉన్నట్టు. ‘./’ మర్చిపోతే సిస్టమ్ పైథాన్‌ని పరీక్షించి సంతోషపడతారు, జాగ్రత్త. మ్యాక్‌లో ఇదే ఫైల్ ‘పైథాన్.ఈఎక్స్‌ఈ’ అన్న పేరుతో ఉంటుంది. సోర్స్‌లో పెద్ద పీ అక్షరంతో ‘పైథాన్’ అనే ఫోల్డర్ ఇప్పటికే ఉంది, మ్యాక్ డిస్క్ మామూలుగా పెద్ద, చిన్న అక్షరాల తేడా చూడదు కాబట్టి ఆ ఏర్పాటు. విండోస్ ఫైల్ ఎలా వచ్చిందా అని ఆశ్చర్యపోకండి.

మనవాళ్లు ఇంకో చిన్న పరీక్ష కూడా చేసుకోవచ్చు. ‘./పైథాన్’ అని కొట్టి లోపలికి వెళ్లి, కీబోర్డ్ తెలుగులోకి మార్చి ‘పేరు’ అన్న వేరియబుల్‌కి "తెలుగు" అన్న స్ట్రింగ్ ఇవ్వండి. పైథాన్ 3 తెలుగు పేర్లని వేరియబుళ్లుగా ఒప్పుకుంటుంది. తర్వాత లెన్ ఫంక్షన్‌తో దాని పొడవు అడగండి, 6 రావాలి. మనం చదివేవి మూడు అక్షరాలే అయినా త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము అని పైథాన్ ఆరు లెక్కపెడుతుంది. టైప్ చేసేటప్పుడు కర్సర్ అటూ ఇటూ జరిగినట్టు కనిపిస్తే ఆ తప్పు టెర్మినల్‌ది, మీ బిల్డ్‌ది కాదు.

6. టెస్టులు

మేక్ టెస్ట్

చివర్లో ‘రిజల్ట్: సక్సెస్’ వస్తే మంచిదే. ‘స్కిప్డ్’ అని ఒక జాబితా తప్పకుండా వస్తుంది. విండోస్ రిజిస్ట్రీ టెస్ట్ లినక్స్‌లో నడవదు కదా, అలాంటివి అందులో ఉంటాయి. ఒకటి రెండు ఫెయిల్ అయితే బిల్డ్ పాడైందని వెంటనే అనుకోవద్దు. ఆఫీసు ప్రాక్సీ వెనక, డాకర్ లోపల, రూట్‌గా నడిపినప్పుడు నెట్‌వర్క్, ఫైల్ పర్మిషన్ టెస్టులు పడిపోవడం మామూలే. ఫెయిలైన దాన్ని విడిగా నడిపి చూడండి:

./పైథాన్ -ఎం టెస్ట్ -వీ టెస్ట్_సాకెట్

‘టెస్ట్_సాకెట్’ దగ్గర మీకు ఫెయిలైన టెస్ట్ పేరు. విడిగా పాసైతే వదిలేయండి. గణితం, స్ట్రింగులు, డిక్షనరీలు లాంటి ప్రాథమిక టెస్టులు పడిపోతే మాత్రం తేలిగ్గా తీసుకోకండి, ‘మేక్ డిస్ట్‌క్లీన్’ నుంచి మళ్లీ మొదలుపెట్టండి.

7. ఇన్‌స్టాల్

మేక్ ఆల్ట్‌ఇన్‌స్టాల్

సుడో అక్కర్లేదు, మన హోమ్ ఫోల్డర్‌లోకే కదా వెళ్తోంది. మేక్ ఇన్‌స్టాల్ అంటే ‘పైథాన్3’ అన్న పేరు కూడా సృష్టిస్తుంది. ఆల్ట్‌ఇన్‌స్టాల్ ‘పైథాన్3.13’, ‘పిప్3.13’ అన్న పేర్లతో సరిపెడుతుంది. ప్రిఫిక్స్ సొంత ఫోల్డర్ అయినప్పుడు ఏది కొట్టినా ప్రమాదం లేదు. ప్రిఫిక్స్ మర్చిపోయి, పైగా సుడోతో మేక్ ఇన్‌స్టాల్ కొట్టినప్పుడే చిక్కు. ‘/యూఎస్‌ఆర్/లోకల్/బిన్’ సిస్టమ్ దారిలో ముందుంటుంది కాబట్టి, ఆ రోజు నుంచి మీరు ‘పైథాన్3’ అంటే పలికేది కొత్తది. నిన్నటిదాకా నడిచిన స్క్రిప్టులకి ప్యాకేజీలు కనపడవు. వెనక్కి తీద్దామంటే ‘మేక్ అన్‌ఇన్‌స్టాల్’ అనేది సీపైథాన్‌లో లేదు, ఫైళ్లని ఒక్కొక్కటి వెతికి తీసేయాలి.

అంతకంటే పెద్ద ప్రమాదం: ‘/యూఎస్‌ఆర్/బిన్/పైథాన్3’ లింక్‌ని కొత్త పైథాన్ వైపు తిప్పమని కొన్ని వీడియోలు చెప్తాయి. ఎట్టి పరిస్థితుల్లోనూ చేయొద్దు. ఉబుంటులో చాలా పనిముట్లు ఆ పైథాన్ మీదే బతుకుతాయి. లింక్ తిప్పితే ‘ఆప్ట్_పీకేజీ దొరకలేదు’ అన్న ఎర్రర్లు మొదలవుతాయి, గ్నోమ్ టెర్మినల్ తెరుచుకోవడమే మానేయొచ్చు. ఇప్పటికే చేసేసి ఉంటే కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 కలిపి నొక్కి నల్ల తెరలో లాగిన్ అయి, 24.04లో ఇలా వెనక్కి తిప్పండి:

సుడో ఎల్‌ఎన్ -ఎస్‌ఎఫ్ పైథాన్3.12 /యూఎస్‌ఆర్/బిన్/పైథాన్3

22.04లో 3.10. సిస్టమ్ పైథాన్‌ని దాని మానాన వదిలేయండి.

ఇన్‌స్టాల్ మధ్యలో ‘జెడ్‌లిబ్ నాట్ అవైలబుల్’ అని ఆగితే 3వ అడుగులో మిస్సింగ్ చూడలేదన్నమాట. పిప్ జిప్ రూపంలో వస్తుంది, విప్పడానికి జెడ్‌లిబ్ కావాలి.

8. వాడకం

నేరుగా ఇందులోకి ప్యాకేజీలు వేయకండి, వెన్వ్ (ఒక్కో ప్రాజెక్ట్‌కి విడి ప్యాకేజీల ఫోల్డర్) చేసుకోండి:

/హోమ్/మీపేరు/పై313/బిన్/పైథాన్3.13 -ఎం వెన్వ్ పని
సోర్స్ పని/బిన్/యాక్టివేట్
పిప్ ఇన్‌స్టాల్ రిక్వెస్ట్స్

ఆఖరి పరీక్ష ఇదే. రిక్వెస్ట్స్ దిగిందంటే ఎస్‌ఎస్‌ఎల్, జెడ్‌లిబ్, పిప్ మూడూ సరిగ్గా ఉన్నట్టు. పాత పైథాన్‌తో చేసిన వెన్వ్‌లు దీనికి మారవు, కొత్తగా చేసుకోవాలి.

‘--ఎనేబుల్-షేర్డ్’ పెట్టినవాళ్లకి ‘లిబ్‌పైథాన్3.13.ఎస్‌ఓ.1.0 తెరవలేను’ అన్న ఎర్రర్ రావచ్చు. లైబ్రరీ మీ హోమ్ ఫోల్డర్‌లో ఉంది, సిస్టమ్ అక్కడ వెతకదు. సీ ప్రోగ్రామ్‌లో పైథాన్‌ని పొదగాలనుకుంటే తప్ప ఆ ఆప్షన్ తీసేసి మళ్లీ బిల్డ్ చేయడమే సుఖం.

3.13లోనే తర్వాతి చిన్న వెర్షన్ వచ్చినప్పుడు కొత్త ట్యాగ్ తెచ్చుకుని అదే ప్రిఫిక్స్‌తో 3 నుంచి 7 వరకు మళ్లీ చేస్తే చాలు, వెన్వ్‌లు అలాగే నడుస్తాయి. 3.14కి వెళ్లేటప్పుడు మాత్రం ‘పై314’ అని వేరే ఫోల్డర్ పెట్టండి. దానికి లిబ్‌జెడ్‌ఎస్‌టీడీ-డెవ్ కూడా కావాలి, కొత్తగా చేరిన జెడ్‌స్టాండర్డ్ మాడ్యూల్ కోసం. అక్కర్లేదనుకున్న రోజు ‘పై313’ ఫోల్డర్ డిలీట్ చేస్తే సరి.

ఎక్కడైనా ఆగిపోయి ఎవరినైనా అడగాల్సి వస్తే ‘పని చేయట్లేదు’ అని రాయకుండా మూడు పంపండి: మీరు కొట్టిన కాన్ఫిగర్ లైన్, కాన్ఫ్.టీఎక్స్‌టీలో మిస్సింగ్ ఉన్న లైన్లు, మేక్ చివర వచ్చిన పది లైన్లు. ఫోన్‌తో తీసిన స్క్రీన్ ఫొటో కాదు, అక్షరాలుగా కాపీ చేసి. కాన్ఫిగర్ లైన్ గుర్తు లేకపోతే సోర్స్ ఫోల్డర్‌లో ‘కాన్ఫిగ్.లాగ్’ ఫైల్ మొదట్లోనే అది రాసి ఉంటుంది.